ఫైలు చివరి గొంతు

జూన్ 6

వాన ఇంకా పడలేదు. ఫసీల ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూన్ 7

మళ్ళీ చేసింది. ఎత్తక తప్పలేదు. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు పుణేలో ఉంది, కప్పల మీదే పని.

"టీచరే, బతికే ఉన్నారా?"

"ఉన్నాను."

"మీరు సరే, మన కప్పలు?"

నవ్వాను. నవ్వించి అడగడం దానికి అలవాటు. దక్షిణాన మరికొన్ని వాగుల దగ్గర అదే జాతి కప్పల్ని ఈ మధ్య రికార్డు చేసిందట. అన్నీ నెమ్మదిగా, ఆగి ఆగి అరుస్తున్నాయట. చలికి అలా అరుస్తున్నాయో, ఉన్నవే తక్కువై అలా వినిపిస్తోందో తేల్చాలంటే మా వాగు రికార్డింగులు కావాలి, వాటి పక్కన ఆనాటి ఉష్ణోగ్రతలు కావాలి. ఇన్నేళ్ళ రికార్డింగులు మరెవరి దగ్గరా లేవు.

"పోయినేడు ఏవో కొన్ని మాత్రం అందరికీ దొరికేలా నెట్‌లో పెట్టారు. మిగతావేవి?"

ఆ కప్ప పొట్ట కింది పసుపు రంగు కోసం గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్ళు ఎంత దూరమైనా వస్తారని చెప్పాను. చోటు బయటపడకుండా అంతా సరిచేసి ఇవ్వాలి, బాధ్యత ఉంది కదా అన్నాను.

"సరిచేయండి మరి."

"చేస్తున్నాను. సమయం పడుతుంది."

"రెండేళ్ళ నుంచీ పడుతూనే ఉంది టీచరే."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

జూన్ 12

పని మొదలుపెట్టాను. అంటే ఫైళ్ళు తెరిచాను.

మా పద్ధతి ఒకటే, మొదటి సంవత్సరం నుంచీ. సాయంత్రం వాగులోకి దిగి మైకు నేను పట్టుకునేదాన్ని. పట్టుకున్న మనిషి మాట్లాడకూడదు. కప్ప అరవడం అయ్యాక, వెనక నిలబడిన ప్రసేనన్, మొదటి నుంచీ నాతో పనిచేసినవాడు, మైకుకి వినిపించేలా చెప్పేవాడు: తేదీ, వాగు పేరు, ఏ బండ, గాలి ఎంత వేడి, నీళ్ళు ఎంత వేడి, ఆకాశం ఎలా ఉంది, రికార్డు చేసింది ఎవరు. తడిచేతులతో కాగితం మీద రాసుకునే వీల్లేదు కనుక అన్నీ గొంతుతోనే. ప్రతి ఫైలూ అలాగే ముగుస్తుంది.

ఇవాళ ఎన్నో ఫైళ్ళు తెరిచాను. ఒక్క కప్పను కూడా వినలేదు. తిన్నగా చివరికి జరిపి వింటున్నాను.

ఉష్ణోగ్రతలు ముందు రాసుకోవాలి కదా. అందుకు.

ఒక్కటీ రాయలేదు.

జూన్ 20

మధ్యాహ్నం వంటింట్లో ఉండగా అమ్మిణి చేచ్చి ఫోన్ చేసింది. వాగు పైన రోడ్డు మలుపులో ఆవిడ టీ కొట్టు; ఆ దారిన పోయే అందరికీ ఆవిడ చేచ్చే, అక్కే. వాగులోంచి వణుకుతూ ఎక్కి వచ్చి మేము పాలు లేని కట్టన్ చాయ తాగేది అక్కడే.

"టీచరే, ప్రసేనన్ సార్ పంపించారని ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు."

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"ఏ ప్రసేనన్ సార్?"

"మనకెంతమంది ఉన్నారేంటి? సార్ పోయారు కదా నాయనా అన్నాను. లేదమ్మా వినండి అని ఫోన్ ముందు పెట్టాడు. సారే! కప్ప అరిచింది, ఆ వెంటనే సార్ మాట్లాడారు. వాగు పేరు చెప్పారు, విరిగిన వంతెన కింద నల్లబండ అన్నారు. ఇక్కడ పాలన్నీ పొంగిపోయాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది? సార్ అంతటివారే చెబుతుంటే నేను కాదంటానా? దారి చూపించాను."

వాళ్ళ దగ్గర ప్లాస్టిక్ డబ్బాలున్నాయట. మూతలకి చిల్లులు. సాయంత్రం నడుముదాకా తడిసి పైకొచ్చారట. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారట.

జూన్ 21

పోయినేడు పెట్టేముందు పట్టికలో వాగు పేరు తీసేశాను. అక్షాంశ రేఖాంశాలు తీసేశాను. జిల్లా పేరు మాత్రం ఉంచాను. ఆ జాగ్రత్తంతా చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ ఫైళ్ళ చివర ప్రసేనన్ అన్నీ విడమరిచి చెబుతూనే ఉన్నాడు.

మరిచిపోయాను.

పెట్టిన ఫైళ్ళన్నీ పొద్దున్నే వెనక్కి తీసేశాను. ఫసీలకి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే పోయాక కూడా సార్ దారి చెప్పడం మానలేదన్నమాట" అంది. నవ్వబోయి ఏడ్చింది.

జూన్ 22

మరిచిపోయాను అని రాశాను నిన్న. అలాగే ఉండనీ.

జూన్ 28

వాగుకి వెళ్ళాను. పేరు ఇక్కడ కూడా రాయను.

రాళ్ళు తిరగేసి ఉన్నాయి. తిరగేసిన రాయిని మళ్ళీ యథాస్థానంలో పెట్టాలని తెలియనివాళ్ళు. లేదా తెలిసీ పెట్టనివాళ్ళు. గుడ్లు అంటుకుని ఉండే వైపు పైకి తిరిగి ఎండిపోయింది. నల్లబండ మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఎక్కడో పైన ఒకే ఒక్కటి అరిచింది, గాజు గ్లాసు మీద గోటితో కొట్టినట్టు. అది ఆగగానే నా వీపు వెనక ఎవరో చెప్పడం మొదలుపెట్టబోతున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. అలవాటు. మైకు పట్టుకున్నప్పుడు ఎప్పుడూ తిరిగి చూడలేదు.

పైకొచ్చాక అమ్మిణి చేచ్చి టీ ఇచ్చి అక్కడే నిలబడింది.

"సార్ నన్నేమైనా అనుకుంటారా టీచరే?"

"ఎందుకనుకుంటారు?"

"ఆయన గొంతు విన్నాక నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఇంకేమీ అడగలేదు, అందుకు."

జూలై 3

నిర్ణయించుకున్నాను. ఎవరికీ ఇవ్వను. జరిగింది చూశాక ఇంతకుమించి బాధ్యతగల పని లేదు. మనసు తేలికపడింది.

ఫసీలకి చెబితే అరిచింది. ఎన్నడూ నా ముందు గొంతు పెంచని పిల్ల.

"తాళం వేసుకుని కూర్చోవడం కాపలా కాదు టీచరే! చోటు దాచమన్నాను, కప్పని దాచమనలేదు. ఎవరూ వినకపోతే అది ఉందో పోయిందో ఎవరికి తెలుస్తుంది? రేపు పోతే, పోయిందన్న సంగతి కూడా మీ అలమార్లోనే ఉంటుందా?"

"నువ్వా రాళ్ళని చూసి ఉంటే ఇలా అనవు."

"చూశాను. నా వాగుల్లో చూశాను. చెప్పేది వినండి. చివర సార్ చెప్పిన ఉష్ణోగ్రతలు రాసి పట్టికలో పెట్టండి. గొంతు కోసేయండి. అంతే కదా పని!"

ఆ మాటకి ఇద్దరమూ ఆగిపోయాం.

"అంటే... చివరి ముక్క" అంది మెల్లిగా.

"తెలుసులే" అన్నాను.

జూలై 4

మనసు తేలికపడింది అని రాశాను. అది ఏ మనసో.

జూలై 9

ప్రసేనన్ భార్య లతిక చేచ్చి ఫోన్ చేసింది. అతను పోయాక ఆవిడ నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. అతను ఎలుక జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న ఆ వారం మాత్రం రోజూ చేసేది. ఆవిడ మందులిచ్చే ఆసుపత్రిలోనే పోయాడు. జ్వరం ఆ వాగు నీళ్ళ నుంచే వచ్చింది.

"జలజా, నా పాత ఫోన్ నీళ్ళ తొట్టిలో పడింది. బాగుచేసేవాడు అన్నీ పోయాయన్నాడు. ఆయన పంపిన గొంతు మెసేజీలు అందులోనే ఉన్నాయి. 'వస్తున్నా, అన్నం పెట్టు' లాంటివే అనుకో." ఆగింది. "నీ దగ్గర ఏదైనా ఉందా? ఆయన మాట్లాడింది?"

"లేదు చేచ్చీ. కప్పలే."

"అవున్లే. మీరు వెళ్ళింది కప్పల కోసమే కదా."

ఎత్తిపొడుపో, మామూలు మాటో తెలియలేదు. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, చల్లగా ఉంటుంది.

జూలై 10

మా మధ్య ఏమీ లేదు. ఇది నా డైరీ, ఎవరూ చదవరు, ఇక్కడ అబద్ధం రాయాల్సిన అవసరం లేదు. ఏమీ లేదు.

ప్రతి ఫైలు చివర అతను నా పేరు అంటాడు. అంతే.

జూలై 16

కోయడం మొదలుపెట్టాను. ఫసీల పోరు పడలేక.

విని, ఉష్ణోగ్రత రాసి, కప్ప ఆగిన చోట గీత పెట్టి, ఆ తర్వాతది తెంచి వేరే ఫైలుగా దాస్తున్నాను. అలా ఇటు కప్పలు, అటు అతను. వాగు పేరు మాత్రం ఇక్కడ వదిలేసి రాస్తున్నాను.

"జూలై పదకొండు. రెండో మలుపు, చదునుబండ. గాలి ఇరవై ఒకటి, నీళ్ళు పంతొమ్మిది. మబ్బు, వాన లేదు. రికార్డు చేసింది ప్రసేనన్, జలజ."

"ఆగస్టు రెండు. విరిగిన వంతెన కింద. గాలి ఇరవై, నీళ్ళు పద్దెనిమిదిన్నర. సన్నటి తుంపర. రికార్డు చేసింది ప్రసేనన్, జలజ."

ఏళ్ళ తరబడి ఒకే గొంతు, ఒకే వరస. పెళ్ళిలో మంత్రం చదివినా ఇంత మార్పు లేకుండా ఎవరూ చదవరేమో. ఈ పోలిక ఎందుకు రాశానో తెలియదు.

అమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఎవరే ఆ మగమనిషి, పొద్దస్తమానం నిన్ను పిలుస్తున్నాడు?"

"పిలవడం కాదమ్మా. రికార్డు చేసినవాళ్ళ పేర్లు చెబుతున్నాడు."

"నాకు పిలిచినట్టే ఉంది. పలకవేం మరి?"

జూలై 23

కర్కాటక మాసం. ఎడతెగని వాన. అమ్మ ఈ నెలకని మందుగంజి కాచింది, తాగాను. గ్లాసు పట్టుకోగానే 'గాలి ఇరవై, గంజి అరవై' అని వినబడింది. నేనే అనుకున్నానో, నిజంగానే వినబడిందో చెప్పలేను. బస్సులో కండక్టరు స్టాపుల పేర్లు చెబుతుంటే చివర నా పేరు వస్తుందని ఎదురుచూశాను.

పని సాగుతోంది. ఉష్ణోగ్రతల పట్టిక సగానికి పైగా నిండింది. ఫసీలకి ఇంకా పంపలేదు. అన్నీ అయ్యాకే.

జూలై 24

కప్పల ఫైళ్ళు కోసేశాక చివర బోడిగా ఉన్నాయి. అరుపు ఆగీ ఆగగానే ఏమీ లేదు. చెవి ఇంకా ఆగలేదు, ఎదురుచూస్తూనే ఉంటుంది.

అమావాస్య

నాన్నకి పిండం పెట్టాలని అమ్మ అంటే నదికి తీసుకెళ్ళాను. రేవంతా జనం, తడిబట్టలు, అరటాకుల మీద ఉండలు, కాకులు. అక్కడ లతిక చేచ్చి కనబడింది, వేలికి దర్భ ఉంగరంతో, జుట్టులోంచి నీళ్ళు కారుతూ. నేను చూడనట్టు తిరిగేలోపు ఆవిడే వచ్చింది.

"చేతులు తట్టి పిలిచాను. కాకులు వచ్చాయి. ముట్టాయి" అంది.

"మంచిది చేచ్చీ."

"పిలుస్తున్నప్పుడు ఆయన ముఖం వచ్చింది. నోరు కదులుతోంది. శబ్దం లేదు జలజా. ఎంత ప్రయత్నించినా గొంతు గుర్తు రావడం లేదు. ఇరవై ఏళ్ళు విన్నదాన్ని, ఎలా పోతుంది?"

నా సంచిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో అతను ఉన్నాడు. అప్పుడే, అక్కడే వినిపించవచ్చు.

"చలిగా ఉంది, బట్టలు మార్చుకోండి చేచ్చీ" అన్నాను.

ఆగస్టు 1

దొంగ ఎవరు? డబ్బాలతో వచ్చిన ఆ కుర్రాళ్ళు కనీసం ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు.

ఆగస్టు 5

గొంతు ముక్కలన్నీ కలిపి లతిక చేచ్చి కోసం ఒక కాపీ తయారుచేశాను. అందులో చివరి మాట తీసేశాను. ప్రతిదాంట్లోనూ. ఆవిడకి కావలసింది అతని గొంతు, నా పేరు కాదు కదా. పనికిరానిది తీసి శుభ్రం చేసి ఇవ్వడం మాకు అలవాటైన పనే. ఆవిడ మనసు నొచ్చుకోకుండా.

ఇలా చేసి చెప్పకపోతే మా శాస్త్రంలో దాన్నేమంటారో నా విద్యార్థులకి మొదటి క్లాసులోనే చెబుతాను.

ఆగస్టు 10

వెళ్ళాను. ఇప్పుడే వచ్చాను. వరసగా రాయాలి, లేకపోతే మార్చేస్తాను.

లతిక చేచ్చి డ్యూటీ దిగి వచ్చి వరండాలో కాళ్ళు కడుక్కుంటోంది. ఉన్నాయి చేచ్చీ, వెతికితే దొరికాయి అన్నాను. ఏమీ అడగలేదు. చేతులు తుడుచుకుని ఇస్త్రీ బల్ల మీద నా ల్యాప్‌టాప్‌కి చోటు చేసింది. పెట్టాను.

మొదటిది, రెండోది, మూడోది. ఏడుస్తుందని ఎదురుచూశాను. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు ఉన్నట్టుంది ముఖం.

"ప్రసేనన్ అన్నాక ఇంకేదో ఉంది" అంది.

"ఏం లేదు చేచ్చీ."

"ఉంది. ఆయన మాటని ఎత్తు మీద వదిలేసే మనిషి కాదు. సరుకుల చీటీ చదివినా చివరి మాట కిందికి దించి చదివేవాడు. ఇందులో ప్రతిసారీ ఎత్తు మీదే తెగిపోతోంది."

వాన చప్పుడు. ఇంకో ముక్క నడిచి అయిపోయింది.

"నా పేరు" అన్నాను.

"తెలుసు. ఇంకెవరిది ఉంటుంది? మీరిద్దరే కదా." కోపం లేదు ఆ గొంతులో. మళ్ళీ మొదటికి జరిపి, స్పీకర్‌కి చెవి ఆనించింది. "ఈ ఊపిరి ఎవరిది?"

"ఏ ఊపిరి?"

"ఇదిగో. ఆయన గొంతు దూరంగా ఉంది. ఈ ఊపిరి నా చెవి పక్కనే ఉంది. ఆయనది కాదు. ఆయన ఊపిరి నాకు తెలియదా?"

విన్నాను. ఉంది. రెండేళ్ళుగా ఎన్ని వందలసార్లు విన్నానో, అతని గొంతు తప్ప ఏదీ వినలేదు. మైకు పట్టుకున్న మనిషి మాట్లాడకూడదు. ఊపిరి తీసుకోకూడదని నియమం లేదు.

"నాది."

ఆవిడ ఇంకోటి పెట్టింది. ఇంకోటి. వేలు ఎత్తి నన్ను వినమంది.

"చూశావా? ఆయన 'రికార్డు చేసింది' అనగానే ఊపిరి ఆగిపోతోంది. ప్రతిదాంట్లో."

నా పేరుని కోయగలిగాను. దానికోసం ఆగినదాన్ని కోయలేదు.

"ఆయనకి తెలుసా?" అంది.

"తెలియదు." ఆ తర్వాత "తెలుసేమో. నాకు తెలియదు" అన్నాను.

ఆవిడ ల్యాప్‌టాప్ మూత దించింది.

"పూర్తిది తీసుకురా. కోసింది నాకొద్దు" అంది. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, అదే గొంతుతో, "గొడుగు తెరుచుకో. తడిసి జ్వరం తెచ్చుకోకు."

ఆగస్టు 11

మా మధ్య ఏమీ లేదు అని రాసిన పేజీ చించేద్దామనుకున్నాను. ఉంచాను.

ఆగస్టు 13

కోయని రికార్డింగులన్నీ ఉన్న డిస్కు ఇచ్చి వచ్చాను. ఆవిడ వాకిట్లోనే తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.

ఆగస్టు 21

కప్పలన్నీ ఇవాళ బయటికి వెళ్ళాయి. ఎవరైనా వినవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. పక్కన ఉష్ణోగ్రతల పట్టిక. వాగు పేరు ఎక్కడా లేదు. పెట్టేముందు ఫసీల అక్కడ కూర్చుని, నేను ఇక్కడ కూర్చుని ప్రతిదాన్నీ చివరిదాకా విన్నాం.

వివరణలో ఇలా రాశాను: 'ప్రతి ఫైలు చివర రికార్డు చేసిన వ్యక్తి గొంతు ఉండేది. అందులో చోటు పేరు ఉన్నందున తొలగించాం. ఆ గొంతు చెప్పిన ఉష్ణోగ్రతలు పట్టికలో ఉన్నాయి. ఇంతకుముందు పెట్టిన కొన్ని ఫైళ్ళలో దాన్ని తొలగించలేదు. దానివల్ల ఆ చోటుకి హాని జరిగింది. ఆ తప్పు జలజది.'

"ఆఖరి వాక్యం అవసరమా టీచరే?"

"అవసరం."

"సరే. అసలు ఫైళ్ళు ఎవరి దగ్గర ఉన్నట్టు రాయాలి? ఎవరికైనా నిజంగా అవసరమైతే ఎవర్ని అడగాలో ఆ గడి నింపాలి. మీ పేరేనా?"

లతిక చేచ్చికి ఫోన్ చేసి అడిగాను. ఆలోచించి "రాయి" అంది. "ఎవరడిగినా వాగు పేరు వినిపించకూడదు, అంతేనా?" అంది. అంతే అన్నాను. ఆవిడ పేరు రాశాను.

"మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోకుండానా?" ఫసీల నోరు తెరిచింది. "ఒకటే కాపీనా? పాపం తగులుతుంది!"

"ఆవిడే రెండు చేయించింది. రెండోది వాళ్ళ చెల్లెలి ఇంట్లో."

నా దగ్గరున్న అసలు ఫైళ్ళూ, గొంతు ముక్కలూ చెరిపేశాను. ఫోన్‌లోవి కూడా.

ఆగస్టు 30

ఫసీల: "చలి కాదు టీచరే."

చలి కాదు. మన ఉష్ణోగ్రతలతో సరిచూస్తే దాని వాగుల్లో నిజంగానే కప్పలు తగ్గిపోయాయట. అస్సాం నుంచి ఒకరు, శ్రీలంక నుంచి ఒకరు ఇప్పటికే ఫైళ్ళు దించుకుని విడిగా లెక్క వేసి అదే మాట చెప్పారట. రెండేళ్ళ కిందటే తెలిసి ఉండేది.

సెప్టెంబర్ 8

ఓణం వచ్చి వెళ్ళింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కప్ప ఫైలు ఒకటి పెట్టాను, అందరూ వినేదే. అరుపు ఆగింది. నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని కాసేపటికి తెలిసింది.

సెప్టెంబర్ 15

అడగను.

సెప్టెంబర్ 19

ఫోన్ చేశాను.

"చేచ్చీ, అసలు ఫైళ్ళు ఒకసారి కావాలి."

"దేనికి?"

నియమం ప్రకారం అడగాల్సిందే అది. పరిశోధనకని చెప్పవచ్చు. ఒక ఉష్ణోగ్రత సరిచూసుకోవాలని చెప్పవచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి.

"వినడానికి" అన్నాను.

ఆసుపత్రిలో ఎవరో చీటీ ఇస్తున్నట్టున్నారు, మందు పేరు, పూటకి ఎన్నో చెప్పి పంపించింది. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

"ఆదివారం రా. నా ముందు కూర్చుని వినాలి. కాపీ మాత్రం ఇవ్వను."